ఓడ పత్రంలో ఉన్నదీ లేనిదీ

1903లో సుజరియా అనే గర్భిణి కలకత్తా రేవులో ఒంటరిగా 'క్లైడ్' ఓడ ఎక్కింది. వెళ్లింది దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాకు, చెరకు తోటల్లో ఒప్పంద కూలీగా. ఆమె మునిమనుమరాలు, పాత్రికేయురాలు గయూత్రా బహదూర్ ఆ జాడ వెతుకుతూ రాసిన 'కూలీ ఉమన్' అనే ఇంగ్లీషు పుస్తకం 2013లో వెలువడింది. మనకు కూలి అంటే పనికి ముట్టే డబ్బు. ఆ తోటల దేశాల్లో కూలీ అన్నది తిట్టు. అది తెలిసే ఆమె ఈ పేరు పెట్టారు.

సుజరియా వలస పత్రంలో పేరు, వయసు, కులం, ఒంటి మీది మచ్చ ఉన్నాయి. ఎందుకు వెళుతోందో లేదు. పారిపోయిందా? మోసపోయిందా? ఇష్టపడే వెళ్లిందా? తెలియని చోట రచయిత్రి కథ అల్లలేదు, ప్రశ్నను ప్రశ్నగానే ఉంచారు. ఊహను రుజువుగా చూపకపోవడమే శాస్త్రీయ పద్ధతి. పుస్తకానికి బలం అదే. కొన్నిచోట్ల ఆ ప్రశ్నల వరుస మరీ పొడవై విసిగిస్తుందన్నదీ నిజమే.

ఖాళీలను పూరించడానికి ఆమె ఇతర స్త్రీల గురించిన ప్రభుత్వ దస్తావేజులను ఆశ్రయించారు. ఇక్కడ పాఠకులు జాగ్రత్తపడాలి. హత్యలు, ఫిర్యాదులు దస్తావేజులకు ఎక్కుతాయి. గొడవ లేకుండా గడిచిన బతుకులు ఎక్కవు. ఆ కాగితాల్లో కనిపించే హింసను బట్టి అందరి జీవితాన్నీ కొలవలేం.

మద్రాసు నుంచి మారిషస్‌కు, నాటాల్‌కు వెళ్లిన ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. వారి జాడ వెతికేవారికి ఈ పుస్తకం మంచి తోడు. ఏ కాగితం దొరికినా ముందు అడగవలసింది ఇదే: దీన్ని ఎవరు, ఎవరి అవసరం కోసం రాశారు?