రెండు గడ్డిపరకలు: బనియన్, లారెన్స్ రచనల్లో నిత్యత్వ దృష్టి

ఈ పాఠం ఉద్దేశం

ఈ పాఠం చదివిన తరవాత మీరు ఈ పనులు చేయగలుగుతారు:
- పదిహేడో శతాబ్దానికి చెందిన రెండు క్రైస్తవ భక్తి రచనల్లో ‘నిత్యత్వం’ అనే భావన ఎలా రూపుకట్టిందో వివరించటం.
- ఒకే వస్తువు రెండు రచనల్లో రెండు అర్థాలు ఎలా ఇస్తుందో పోల్చి చూపటం.
- భక్తి రచనను భక్తితోనే కాక, విమర్శ దృష్టితో కూడా చదవటం.

1. ప్రశ్న ఏమిటి?

క్రైస్తవ భక్తి సాహిత్యంలో నిత్యత్వం, నిత్యజీవం, పరలోకం అనే మాటలు అడుగడుగునా కనిపిస్తాయి. ఈ లోకం గతించిపోతుంది, దేవుడు నిలుస్తాడు, కాబట్టి నిలిచేదాని మీద మనసు పెట్టాలి అన్నది వాటి సారం. విశ్వాసికి ఇందులో ఊరట ఉంది. విమర్శకుడికి మాత్రం ఒక ప్రశ్న ఉంది: కళ్లు పైన నిలిపినవాడికి కింద ఉన్న పొయ్యి, పిల్లలు, పొరుగువాడు కనిపిస్తారా? పరలోక చింతన ఇహలోకపు బాధ్యతల నుంచి తప్పించుకునే దారి కాదా?

ఈ ప్రశ్న బయటివాళ్లు వేసిందే కాదు, బైబిలు లోపల కూడా ఉంది. కొలొస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం పైన ఉన్నవాటి మీద మనసు ఉంచమని మొదలవుతుంది. అదే అధ్యాయం ముగిసేసరికి భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, దాసులు ఒకరితో ఒకరు ఎలా మెలగాలో చెబుతుంది. ఏ పని చేసినా ప్రభువు కోసం చేస్తున్నట్టు మనసారా చేయమంటుంది. ఆకాశం దగ్గర ఎత్తుకున్న మాట ఇంటి గడప దగ్గర ముగిసింది. దీన్నిబట్టి మనకు ఒక కొలబద్ద దొరుకుతుంది. నిత్యత్వ దృష్టి చేతిలో ఉన్న పని మీద శ్రద్ధను పెంచుతోందా, తగ్గిస్తోందా? జాన్ బనియన్ ‘యాత్రికుని ప్రయాణము’ను, సహోదరుడు లారెన్స్ సంభాషణలు, లేఖలను ఈ కొలబద్దతో చూద్దాం.

2. బనియన్: పైకి చూడలేని మనిషి

బనియన్ 1628లో ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్ దగ్గర ఎల్‌స్టో గ్రామంలో పుట్టాడు. పాత్రలకు మాట్లు వేసే వృత్తి అతనిది. ప్రభుత్వ చర్చి అనుమతి లేకుండా బోధించినందుకు 1660లో అరెస్టయి, సుమారు పన్నెండేళ్లు జైల్లో ఉన్నాడు. ‘యాత్రికుని ప్రయాణము’ మొదటి భాగం 1678లో, రెండో భాగం 1684లో వెలువడ్డాయి. ఈ పుస్తకం తెలుగులోకీ వచ్చింది. తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఇది చిరపరిచితం. అనువాదాలను బట్టి పాత్రల పేర్లు మారవచ్చు. ఇక్కడ వాటి అర్థాన్ని తెలిపే పేర్లనే వాడుతున్నాం.

రెండో భాగంలో ఒక చిన్న ఘట్టం మన చర్చకు కేంద్రం. యాత్రికుడి భార్య క్రిస్టియానా భావబోధకుడి ఇంటికి వస్తుంది. అక్కడ ఆమెకు ఒక గదిలో ఒక మనిషిని చూపిస్తారు. అతని చేతిలో చెత్త లాగే దంతె ఉంది. చూపు నేల మీదే ఉంది. తల పైన ఒకరు దివ్యకిరీటం పట్టుకుని, ఆ దంతె ఇచ్చి ఇది తీసుకొమ్మని పిలుస్తున్నారు. అతను తల ఎత్తడు. గడ్డిపరకలు, పుల్లలు, దుమ్ము తన వైపు లాక్కుంటూనే ఉంటాడు.

బనియన్ ఆ మనిషిని దొంగగానో క్రూరుడిగానో చూపలేదు. అతను కష్టపడుతూనే ఉన్నాడు. లోపం చేతిలో లేదు, మెడలో ఉంది. ఎంతో కాలంగా కిందికే చూసి చూసి, పైకి చూడటం మరిచిపోయాడు. బోధపడిన క్రిస్టియానా తనను ఈ దంతె నుంచి తప్పించమని దేవుణ్ణి వేడుకుంటుంది. అలా వేడుకునేవాళ్లు చాలా అరుదని భావబోధకుడు అంటాడు. ప్రార్థనలో మనుషులు తరచుగా అడిగేది గడ్డిపరకలనే అన్న వ్యంగ్యం ఇందులో ఉంది.

ఈ చిత్రం మతసాహిత్యం దాటి కూడా వెళ్లింది. 1906లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఒక ప్రసంగంలో, అవినీతిని వెలికితీసే పత్రికా రచయితలను ఈ దంతె మనిషితో పోల్చాడు. చెత్త లాగేవాళ్లు సమాజానికి అవసరమే కాని, ఎప్పుడు ఆపి తల ఎత్తాలో వాళ్లకు తెలియాలన్నది అతని వాదన. బనియన్ ఉద్దేశం వేరైనా, కిందికి చూడటం తప్పు కాదు, కిందికి మాత్రమే చూడగలగటం తప్పు అన్న అంశం రెండింటిలోనూ ఉంది.

3. చెవులు మూసుకున్న యాత్రికుడు

దంతె మనిషికి సరిగ్గా ఎదురుగా నిలిచే దృశ్యం మొదటి భాగం ఆరంభంలోనే ఉంది. తన పట్టణం నాశనం కాబోతోందని తెలుసుకున్న క్రిస్టియన్ వీపున బరువుతో బయలుదేరతాడు. భార్యాబిడ్డలు వెనక్కి రమ్మని పిలుస్తారు. అతను చెవుల్లో వేళ్లు పెట్టుకుని, నిత్యజీవం కోసం కేకవేస్తూ పరుగెత్తుతాడు. ఇక్కడ చూపు పూర్తిగా పైనే ఉంది. కాని చెవులు మూసుకుపోయాయి.

మన కొలబద్ద ప్రకారం ఈ దృశ్యం తేలిపోతుంది. నిత్యత్వ దృష్టి ఇంటివాళ్ల పిలుపును వినపడకుండా చేసింది. బనియన్‌కు ఈ ఇబ్బంది తెలియదా? తెలుసు. మొదటి భాగంలోనే ప్రేమ అనే పేరున్న యువతి, కుటుంబాన్ని ఎందుకు తీసుకురాలేదని యాత్రికుణ్ణి నిలదీస్తుంది. అతను ఏడుస్తాడు. ఆ తరవాత కనిపించే వాచాలుడు దేవుడి గురించి అనర్గళంగా మాట్లాడతాడు. అతని అసలు స్వభావం మాత్రం ఇంట్లోవాళ్లకే తెలుసునని కథ చెబుతుంది. భక్తికి పరీక్ష వీధిలో కాదు, ఇంట్లో అని బనియన్ స్వయంగా ఒప్పుకున్నట్టే.

రచయిత జీవితం కూడా ఈ దృశ్యాన్ని మరో వెలుగులో చూపిస్తుంది. బోధించటం మానతానని మాట ఇస్తే బనియన్‌కు విడుదల దొరికేది. ఇవ్వలేదు. 1666లో వెలువడిన తన ఆత్మకథలో, భార్యాబిడ్డలను విడిచి ఉండటం, ముఖ్యంగా చూపులేని కూతురిని తలచుకోవటం, ఎముక నుంచి మాంసం వేరుచేస్తున్నట్టు ఉందన్న అర్థంలో రాశాడు. జైల్లో లేసులు తయారుచేసి ఇంటికి ఆదాయం చూపించాడు. చెవులు మూసుకున్న యాత్రికుణ్ణి సృష్టించినవాడు తాను మాత్రం చెవులు మూసుకోలేదు. నిత్యత్వం కోసం చెల్లించే మూల్యం ఎంతో అతనికి తెలుసు. మొదటి భాగంలో ఆ మూల్యాన్ని కథానాయకుడి వైపు నుంచే లెక్కగట్టాడు. ఆరేళ్ల తరవాత వచ్చిన రెండో భాగంలో వెనక మిగిలిన భార్యను, నలుగురు కొడుకులను దారి పట్టించాడు. ఆ యాత్రలో పిల్లల జబ్బులున్నాయి, పెళ్లిళ్లున్నాయి, నెమ్మదిగా నడిచేవాళ్ల కోసం ఆగటం ఉంది. అందువల్ల రెండో భాగాన్ని కేవలం కొనసాగింపుగా కాక, మొదటి భాగానికి రచయిత చేసుకున్న సవరణగా చదవటం సమంజసం.

4. లారెన్స్: నేల మీది గడ్డిపరక

అదే 1666 ఆగస్టులో పారిస్‌లో ఒక మతాధికారి ఒక మఠ సహోదరుడితో మాట్లాడి, విన్నది రాసుకున్నాడు. ఆ అధికారి పేరు జోసెఫ్ ద బోఫోర్. సహోదరుడి పేరు లారెన్స్. అసలు పేరు నికొలా ఎర్మాన్. లొరేన్ ప్రాంతంలో సుమారు 1614లో పుట్టాడు. సైనికుడిగా పనిచేసి గాయపడ్డాడు, ఆ కుంటితనం జీవితాంతం ఉంది. చలికాలంలో ఆకులు రాలిన చెట్టును చూసి, ఇది మళ్లీ చిగురించి పూలూ కాయలూ ఇస్తుంది కదా అన్న ఆలోచనతో పద్దెనిమిదేళ్ల వయసులో దేవుడి వైపు తిరిగాడు. 1640లో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరాడు. చదువుకున్న గురువుగా కాదు, శారీరక శ్రమ చేసే సహోదరుడిగా. వంటగదిలో చాలా ఏళ్లు గడిపి, తరవాత చెప్పులు బాగుచేశాడు. 1691లో మరణించాడు. అతని లేఖలు 1692లో, సంభాషణలు 1694లో అచ్చయ్యాయి.

వంటపని అతనికి స్వభావరీత్యా ఇష్టం లేదు. ఈ మాట సంభాషణల్లోనే ఉంది. మఠానికి ద్రాక్షసారా కొనుక్కురమ్మని అతన్ని బర్గండీకి పంపారు. కుంటికాలితో పడవలో నడవలేక, పీపాల మీద దొర్లుతూ తిరిగాడు. ఆ పని చేతకానిదే అయినా, ఇది నీ పనే అని దేవుడికి చెప్పుకుని చేశాడు. పెనం మీది ఆమ్లెట్‌ను తిప్పినా దేవుడి మీద ప్రేమతోనే తిప్పేవాడు. నేల మీది గడ్డిపరకను తీసినా దేవుడి మీద ప్రేమతోనే తీస్తే చాలని, దానికి ప్రతిఫలంగా దేవుడి వరాలు కూడా కోరనని అతని భావం.

ఆ గడ్డిపరక దగ్గర ఆగండి. బనియన్ చిత్రంలో గడ్డిపరక మనిషిని దేవుడి నుంచి మరలించింది. లారెన్స్ మాటలో అదే గడ్డిపరక దేవుడి వైపు నడిపింది. బనియన్ 1688లో చనిపోయాడు. లారెన్స్ మాటలు అచ్చయింది ఆ తరవాతే. కాబట్టి ఇది ప్రభావం కాదు, సాదృశ్యం. తులనాత్మక విమర్శలో ఈ భేదాన్ని మీరు ఎప్పుడూ గుర్తుంచుకోవాలి.

సాదృశ్యం తేల్చేది ఇది. వస్తువు తనంతట తాను లౌకికమూ కాదు, పవిత్రమూ కాదు. దంతె మనిషి గడ్డిపరకను తన వైపు లాక్కుంటున్నాడు. లారెన్స్ దాన్ని ఎత్తి ఇస్తున్నాడు. ఒకరిది కూడబెట్టే చెయ్యి, మరొకరిది అర్పించే చెయ్యి. బనియన్‌కు నిత్యత్వం దారి చివర ఉన్న నగరం. లారెన్స్‌కు అది ఈ క్షణంలో పక్కనే ఉన్న సన్నిధి. అందుకే అతనికి ప్రార్థన వేళ వేరు, పని వేళ వేరు కాదు. వంటగదిలో నలుగురూ నాలుగు దిక్కుల నుంచి పిలుస్తున్నా, మోకాళ్ల మీద ఉన్నంత నెమ్మదిగా ఉండగలిగానన్నాడు. ఈ నెమ్మది ఒక్కరోజులో రాలేదు. మొదటి పదేళ్లు చాలా బాధపడ్డానని లేఖలో ఒప్పుకున్నాడు. మనసు చెదిరినప్పుడు తనను తాను తిట్టుకుంటూ కూర్చోకుండా, తప్పు ఒప్పుకుని మళ్లీ పనిలోకి వచ్చేవాడు.

5. లారెన్స్ రచనకు పరిమితులు

మన కొలబద్దకు లారెన్స్ నిలుస్తాడు. అయినా విమర్శ ఇక్కడితో ఆగకూడదు. మూడు విషయాలు గమనించాలి.

మొదటిది, పాఠం గురించి. సంభాషణలు లారెన్స్ రాసినవి కావు. అతని కన్నా చదువులోనూ హోదాలోనూ పైనున్న వ్యక్తి విని, ఎంచి, కూర్చినవి. మనం వింటున్నది వంటవాడి గొంతే అయినా, కలం మాత్రం అధికారిది.

రెండోది, జీవన పరిస్థితి గురించి. లారెన్స్‌కు పిల్లల ఫీజు లేదు, ఇంటి అద్దె లేదు, తీర్చాల్సిన అప్పు లేదు. కుటుంబ జీవితానికి అతని పద్ధతి పనికిరాదని దీని అర్థం కాదు. దాన్ని సంసారంలోకి తెచ్చుకునే పాఠకుడు అతను చెప్పని చాలా సంగతులు తానే ఆలోచించుకోవాలని అర్థం. ఆ లోటును బనియన్ రెండో భాగం కొంత పూరిస్తుంది.

మూడోది, అన్నిటికన్నా బరువైనది. ఇష్టం లేని పనిని ప్రేమతో చేయటం గొప్పదే. కాని ఆ పని అతనికే ఎందుకు వచ్చింది? మఠంలో పాటల ప్రార్థనలు కొందరివి, పాత్రలు తోమటం మరికొందరివి అన్న విభజన ఎవరు చేశారు? ఈ ప్రశ్న పుస్తకంలో ఎక్కడా లేదు. స్వయంగా ఎంచుకున్న ఓర్పు భక్తి అవుతుంది. ఇంకొకరి మీద రుద్దిన ఓర్పు అణచివేత అవుతుంది. యజమాని లారెన్స్ పుస్తకాన్ని పనివాడి చేతిలో పెట్టి, గొణగకుండా పనిచెయ్యమంటే, ఆ పుస్తకాన్ని అతను తలకిందులుగా చదివినట్టే. కొలొస్సయ పత్రిక కూడా దాసులకు చెప్పి ఊరుకోలేదు. నాలుగో అధ్యాయం మొదటి వచనంలో, మీకూ పరలోకంలో ఒక యజమాని ఉన్నాడు, న్యాయంగా నడుచుకోండి అన్న హెచ్చరికను యజమానులకు చేసింది. నిత్యత్వ దృష్టి కింద ఉన్నవాడికి ఓర్పు ఇస్తే చాలదు, పైన ఉన్నవాడికి భయమూ ఇవ్వాలి. ఈ రెండో సగం లారెన్స్‌లో వినిపించదు. అన్యాయమైన చట్టానికి తల ఒగ్గని బనియన్ జీవితంలో మాత్రం గట్టిగా వినిపిస్తుంది.

6. సారాంశం

నిత్యత్వ దృష్టి అంటే ఈ లోకం నుంచి కళ్లు తిప్పుకోవటం అన్న అభిప్రాయానికి ఈ రెండు రచనలూ పూర్తిగా సాక్ష్యం ఇవ్వవు. బనియన్ మొదటి భాగం ఆ అపాయానికి దగ్గరగా వెళ్లి, రెండో భాగంలో వెనక్కి తిరిగింది. లారెన్స్ చిన్నపనిలో దేవుణ్ణి చూశాడు, ఆ పనిని పంచిన వ్యవస్థను ప్రశ్నించలేదు. ఒకరిలో గమ్యం ఉంది, మరొకరిలో సన్నిధి ఉంది. గమ్యం మాత్రమే ఉంటే ఇల్లు మరుగున పడుతుంది. సన్నిధి మాత్రమే ఉంటే అన్యాయం మరుగున పడవచ్చు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే, ఉదయం నుంచి రాత్రి దాకా సాగే మామూలు పనుల మధ్య దేవుడి మీద దృష్టి నిలపటం అంటే ఏమిటో తెలుస్తుంది: తల ఎత్తగలగాలి, చెవులు తెరిచి ఉంచాలి, చెయ్యి పనిలో ఉండాలి.

7. అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు ఐదేసి వాక్యాల్లో జవాబులు రాయండి.
1. దంతె మనిషి లోపం శ్రమలో కాక చూపులో ఉందని ఎలా చెప్పవచ్చు?
2. ప్రభావానికీ సాదృశ్యానికీ భేదం ఏమిటి? గడ్డిపరక ఉదాహరణతో వివరించండి.

ఆ. కింది ప్రశ్నలకు ఇరవై వాక్యాల్లో జవాబులు రాయండి.
1. ‘యాత్రికుని ప్రయాణము’ రెండో భాగాన్ని మొదటి భాగానికి సవరణగా చదవవచ్చునా? మీ అభిప్రాయాన్ని ఉదాహరణలతో సమర్థించండి.
2. పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’లో తమ వృత్తిని విడవకుండానే శివభక్తులైనవారి కథలు ఉన్నాయి. చాకలి వృత్తి చేసిన మడివాలు మాచయ్య కథను లారెన్స్ జీవితంతో పోల్చండి. పనిని గౌరవించటం, పని విభజనను ప్రశ్నించటం అనే రెండు అంశాలనూ విడివిడిగా చర్చించండి.