“అణుభారం ఎక్కువ” అన్నది కారణమేనా?

అణువుల మధ్య ఆకర్షణ బలాల పాఠం చాలా పుస్తకాల్లో ఒక గ్రాఫుతో మొదలవుతుంది. హైడ్రోజన్ టెల్యూరైడ్ సుమారు మైనస్ 2 డిగ్రీల సెల్సియస్ వద్ద, సెలెనైడ్ మైనస్ 41 వద్ద, సల్ఫైడ్ మైనస్ 60 వద్ద మరుగుతాయి. ఈ వరుస ప్రకారం నీరు ఇంకా తక్కువ ఉష్ణోగ్రతకే మరగాలి. కాని 100 డిగ్రీలు వస్తేగాని మరగదు. దీనికి హైడ్రోజన్ బంధమే కారణమని పాఠం చెబుతుంది. ఆశ్చర్యం కలిగించి జవాబు వైపు నడిపించే ఈ పద్ధతి మెచ్చుకోదగ్గదే.

చిక్కంతా మిగతా మూడింటి దగ్గర వస్తుంది. “అణుభారం పెరిగింది కాబట్టి మరిగే ఉష్ణోగ్రత పెరిగింది” అని ఒక్క ముక్కలో తేల్చేయడం పరిపాటి. పరీక్షలో దీనికి మార్కులూ పడతాయి. కాని ఇది కారణం కాదు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అణుభారం 146. కిరోసిన్‌లో ఉండే డెకేన్ అణుభారం 142. మొదటిది సాధారణ పీడనం వద్ద మైనస్ 64 డిగ్రీలకే ఘనరూపం నుంచి నేరుగా వాయువైపోతుంది. రెండోది మరగాలంటే 174 డిగ్రీలు కావాలి. భారమే కారణమైతే ఇంత తేడా ఎలా వచ్చింది?

అసలు సంగతి ఎలక్ట్రాన్లలో ఉంది. అణువులోని ఎలక్ట్రాన్ మేఘం క్షణకాలం ఒక పక్కకు ఒరిగితే, పొరుగు అణువులోని మేఘం కూడా దానికి తగ్గట్టు ఒరుగుతుంది. ఇలా పుట్టే ఆకర్షణను 1930లో ఫ్రిట్జ్ లండన్ క్వాంటం సిద్ధాంతంతో వివరించాడు. మేఘం ఎంత సులభంగా ఒరిగితే, అణువులు ఒకదానికొకటి ఎంత ఎక్కువగా ఆనుకుంటే, ఆకర్షణ అంత ఎక్కువ. ఫ్లోరిన్ తన ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకుంటుంది. పైగా సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అణువు బంతిలా గుండ్రంగా ఉంటుంది. పొడవాటి డెకేన్ అణువులు పక్కపక్కన చేరి ఎక్కువ మేర ఆనుకుంటాయి. బరువైన అణువుల్లో సాధారణంగా ఎలక్ట్రాన్లు ఎక్కువ కనుక భారం లెక్క చాలాసార్లు సరిపోతుంది, అంతే.

రెండో లోపం, ఈ బలాలను “బలహీనమైనవి” అని చెప్పి వదిలేయడం. వంటగ్యాస్, కిరోసిన్, కొవ్వొత్తి మైనం ప్రధానంగా హైడ్రోకార్బన్లే. గొలుసు పొడవయ్యే కొద్దీ ఆ బలహీన బలాలే కూడి, మైనాన్ని ఘనపదార్థంగా నిలబెడుతున్నాయి.

మూడోది, హైడ్రోజన్ బంధం ఎంత బలమైనదో చెప్పి, ఎన్ని బంధాలో చెప్పకపోవడం. విడిగా ఒక్కో బంధాన్ని తీసుకుంటే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లోదే నీటిలోదానికంటే బలమైనది. అయినా అది 19.5 డిగ్రీలకే మరుగుతుంది. నీటి అణువు నాలుగు పొరుగు అణువులతో బంధాలు ఏర్పరచుకోగలదు; హైడ్రోజన్ ఫ్లోరైడ్ అణువు సగటున రెండింటితోనే. పైగా ఆవిరిలో కూడా దాని అణువులు చాలావరకు జట్లుగానే ఉంటాయి. అంటే మరగడానికి బంధాలన్నీ తెగనక్కరలేదు.

బట్టీపట్టిన వాక్యంతో మార్కులు వస్తాయేమో కాని, కొత్త పదార్థం ఎదురైనప్పుడు అది పనికిరాదు. కొవ్వుల నుంచి వచ్చే స్టియరిక్ ఆమ్లం అణుభారం 284, ఓలియిక్ ఆమ్లం అణుభారం 282. మొదటిది కరగాలంటే 69 డిగ్రీలు కావాలి. రెండోదానికి సుమారు 13 చాలు. పాఠం చివర ఈ ఒక్క ప్రశ్న వేసి చూడండి. జవాబు కోసం విద్యార్థి అణుభారాన్ని పక్కనపెట్టి, అణువుల బొమ్మలు గీసి చూడక తప్పదు.