ముల్లు చెప్పే మాట

పాత బుల్లెట్ హెడ్‌లైటు మీద, స్పీడోమీటరు పక్కన, చిన్న గుండ్రటి యాంప్ మీటరు ఉంటుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. నిజానికి ఆ బండి నాడి దొరికేది అక్కడే.

తాళం తిప్పి, కిక్‌ రాడ్డును మెల్లగా నొక్కుతూ ఆ ముల్లునే చూడండి. ఇంజను తిరిగేటప్పుడు కలుస్తూ విడిపోతూ ఉండే కాంటాక్ట్ పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ కాయిల్‌కు కరెంటు పోతుంది, ముల్లు మైనస్ వైపు వాలుతుంది. పాయింట్లు విడిపోగానే మధ్యకు వచ్చేస్తుంది. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టేది కూడా ఆ విడిపోయే క్షణంలోనే. ముల్లు అసలు కదల్లేదంటే బ్యాటరీ నుంచి కరెంటు రావడం లేదు, లేదా పాయింట్లకు మురికి పట్టింది. మైనస్‌లోనే ఉండిపోయిందంటే పాయింట్లు విడివడడం లేదు, లేదా కండెన్సర్ షార్టయింది. ఒక్క నట్టు విప్పకుండానే సగం జబ్బు తెలిసిపోతుంది.

స్టార్ట్ చేసే పద్ధతి కూడా ముల్లుదే. అది మధ్యకు వచ్చిందంటే పిస్టన్ కంప్రెషన్ మీద పైకి చేరిందని అర్థం. అప్పుడు ఎడమచేతి కింద ఉన్న డీకంప్రెషన్ లివరు నొక్కి, పిస్టన్‌ను ఇంకాస్త ముందుకు దాటించి, లివరు వదిలేసి, రాడ్డును పైదాకా రానిచ్చి ఒక్క నిండు కిక్కు కొట్టాలి. ఇందులో బలం పనేమీ లేదు. ఈ వరస తెలియక కాలి మీద బరువేసి తన్నినవాళ్లకే కిక్కు వెనక్కి తంతుంది. దానివల్ల మడమలు వాచిన మనుషులు మా ఊళ్లో ఇద్దరున్నారు.

నేనిది తెలుసుకోకముందు మా నాన్నగారి బండిని ఓ వర్షాకాలమంతా మెకానిక్ షాపులో వదిలేశాను. రెండుసార్లు కార్బురేటరు విప్పారు, జెట్లు మార్చారు, డబ్బు తీసుకున్నారు. బండి మాత్రం మిస్సింగ్ కొడుతూనే ఉంది. చివరికి మా వీధి చివర ఉండే ముసలి మేస్త్రి వచ్చి ముల్లును చూశాడు. ‘ముందు కరెంటు చూడాలబ్బాయ్, పెట్రోలు తర్వాత’ అంటూ ఇంజను కుడివైపు మూత తీశాడు. చెమ్మకు పాయింట్లు నల్లబడిపోయి ఉన్నాయి.

వాటిని శుభ్రం చేసే పని ఎవరైనా చేసుకోవచ్చు. జీరో నంబరు ఎమరీ పేపరును పాయింట్ల మధ్య రెండుసార్లు లాగి, తర్వాత తెల్ల కాగితం ముక్కను నల్ల మరక అంటనంతవరకు లాగాలి. పాయింట్లు బాగా విచ్చుకున్నప్పుడు వాటి మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజి బ్లేడు వెన్నలో కత్తిలా జారిపోకూడదు, పట్టేసుకోకూడదు, కాస్త రాసుకుంటూ వెళ్లాలి. ఒక పాయింటు మీద మొటిమ, రెండోదాని మీద గుంట కనబడితే కండెన్సర్‌ను అనుమానించాలి. దాన్ని మార్చకుండా పాయింట్లు ఎన్నిసార్లు రుద్దినా ఫలితం ఉండదు.

టాపెట్లు చూడాలంటే బండి రాత్రంతా ఆగి చల్లబడి ఉండాలి. పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకి తెచ్చి పుష్‌రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పితే సాఫీగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. టకటక చప్పుడు వినలేక కొందరు బిగించేస్తారు. ఆ చప్పుడు కంటే ఈ బిగింపే ప్రమాదం, వాల్వు కాలిపోతుంది.

ప్లగ్గు కాఫీపొడి రంగులో ఉంటే మంచిది. మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువవుతోంది, తెల్లబారిందంటే చాలడం లేదు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. అందుకే బండి వారం ఆగేటట్టయితే పెట్రోలు ట్యాప్ కట్టేసి, కార్బురేటరు గిన్నె ఖాళీ చేస్తున్నాను.

ఇంత శ్రమ ఎందుకని అడుగుతారు. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన ఈ డిజైను 1955 నుంచి మద్రాసులో తయారైంది. అక్కడి కంపెనీ మూతపడినా మన దగ్గర ఈ ఇనుప బ్యారెల్ ఇంజను 2010 ప్రాంతం వరకు వస్తూనే ఉంది. అన్నేళ్లలో లోపలి అమరిక పెద్దగా మారలేదు. అందుకే మా నాన్నగారి బండికి విజయవాడ ఆటోనగర్లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో పాయింట్లు, కండెన్సర్, ప్యాకింగులు ఈనాటికీ దొరుకుతున్నాయి. కంప్యూటరు తగిలించకుండా, కంటితో చూసి, చెవితో విని లోపం పట్టుకోగల ఇంజన్లు ఇక రావు. వాటిని తుక్కు కింద అమ్మేయడం నా దృష్టిలో తప్పే.

మీ ఇంట్లో దుమ్ము పట్టిన బుల్లెట్ ఉంటే ఈ ఆదివారం బయటికి తీయండి. బ్యాటరీ ఛార్జి చేసి, తాళం తిప్పి ముల్లును చూడండి. చూశాక మాత్రం తాళం తీసేయండి, లేకపోతే కాయిల్ వేడెక్కిపోతుంది.