పాట పాకమునకు వచ్చుట

అనకాపల్లిలో బెల్లము కొనువారికి బెల్లము పుట్టుక తెలియును. గానుగ ఆడుట, పెనములో రసము కాగుట, తేలిన మడ్డిని తీసివేయుట, పాకము ముదురకముందే దింపుట, ఇవి ఎరిగినవాడే దిమ్మను విరిచి, రంగు చూచి ధర చెప్పగలడు. ఇదే యూరిలో పాట వినని ఇల్లు లేదు. కాని ఆ పాట యే పెనములో కాగినదో విచారించువారు అరుదు. దేవుడిచ్చిన గొంతు అనియో, పూర్వజన్మ సుకృతమనియో చెప్పి యూరకుందుము. ఈ యూరకుండుటవలన మన పిల్లలకు నష్టము కలుగుచున్నదని నా యభిప్రాయము. ఆ లోటును కొంత తీర్పగల యొక పాడ్‌కాస్టును చదువరులకు ఇచట పరిచయము చేయుచున్నాను.

దాని పేరు 'సాంగ్ ఎక్స్‌ప్లోడర్'. భారతీయ దంపతులకు అమెరికాలో జన్మించిన హృషీకేశ్ హిర్వే అను సంగీతకారులు 2014 జనవరిలో దీనిని ప్రారంభించిరి. సంచికకు ఒక పాట. ఆ పాటను కట్టినవారే మాటలాడుదురు. ప్రశ్న లడిగిన వారి గొంతు మొదటను చివరను తప్ప దాదాపుగా వినబడదు. ఈ సంయమము మన సభాధ్యక్షులు నేర్వదగినది. డోలు, తీగవాద్యము, కంఠము విడివిడిగా ముద్రితమైన పొరలను ఒక్కొక్కటిగా వినిపించుచు, ఇది ఏల చేర్చితిమి, అది ఏల తీసివేసితిమి అని కర్తలే విప్పి చెప్పుదురు. కట్టకడపట పాటంతయు వినిపింతురు. అప్పుడు వినునది అంతకుముందు వినిన పాట కాదు. ఒక్కొక్క ధ్వని వెనుక నొక నిర్ణయము కలదని చెవికి తెలిసిపోవును.

2020లో నెట్‌ఫ్లిక్సు దీనికి దృశ్యరూపము కల్పించినది. అందు ఆర్.ఇ.ఎం. బృందమువారి 'లూజింగ్ మై రెలిజియన్' అను 1991 నాటి పాటను గూర్చిన భాగము నన్ను ఆకట్టుకొన్నది. గిటారు వాయించు పీటర్ బక్ మాండలిన్ క్రొత్తగా నేర్చుకొనుచు ఏవో పలుకులు పలికించుచుండగా అందులోనుండి ఆ పాట మొలకెత్తినది. పాలకొల్లు శ్రీనివాస్ చేతిలో మాండలిన్ పొందిన సిద్ధిని ఎరిగిన మనకు ఇది వింతగా తోచును. ఇచట పాటకు బీజమైనది సిద్ధి కాదు, చేయి తిరుగనివాని తడబాటు.

ఈ తడబాటును మన పిల్లల చెవిని వేయవలెనని నేను కోరుచున్నాను. మన యిండ్లలో ఆడపిల్లకు సంగీతము చెప్పించుట చిరకాలముగా నున్నది. సరళీస్వరములు, గీతములు, వర్ణము, నాలుగు కీర్తనలు, పెండ్లిచూపులలో ఒక పాట. పెండ్లియైన పిమ్మట శ్రుతిపెట్టె అటకెక్కుట. ఇప్పుడు పెండ్లిచూపులలో పాడించుట తగ్గి, ఆ స్థానమున టెలివిజన్ పోటీ వచ్చినది. అచటను ఇచటను పిల్ల పాడునది ఇతరులు కట్టిన పాటయే. అపస్వరము దొర్లెనా మార్కులు తరుగును. "నీవే ఒక పాట కట్టి చూడుమమ్మా" అనిన గురువును గాని, తల్లిని గాని నేను చూచి యెరుగను. కట్టవచ్చునని తెలిసినగదా కట్టుట! ఆ సంగతి తెలియుటకు, పేరు పొందినవారు చెరిపివేసిన పంక్తులను గూర్చి వారి నోటనే వినవలెను.

మనకిది పూర్తిగా క్రొత్త విద్యయు గాదు. అన్నమాచార్యులు పదములు పాడి యూరకుండక, పదరచనా లక్షణమును సంస్కృతమున గ్రంథస్థము చేసిరి. మూలము నశించినను, మనుమడు చినతిరుమలాచార్యులు తెలిగించిన 'సంకీర్తన లక్షణము' నిలిచినది. ఆయన పదములు నోటికి వచ్చిన ఇండ్లలో ఈ గ్రంథము పేరు వినినవి ఎన్ని?

మన యూరి వీథులలో పెరిగిన సీతారామశాస్త్రిగారికి 'సిరివెన్నెల' ఇంటిపేరైనది 1986లో వచ్చిన ఆ పేరి చిత్రమువలన. దానికి సంగీతము కూర్చిన కె.వి. మహదేవన్‌గారి పద్ధతి సాహిత్యము ముందు, వరుస వెనుక. తరువాతి కాలమున ఇది తలక్రిందులైనది. వరుస ముందు వచ్చును, కవి దాని కొలతకు మాటలు కుట్టవలెను. ఈ మార్పువలన తెలుగు పలుకుబడికి ఏమి లాభమో, ఏమి నష్టమో పాటను పొరలుగా విప్పి చూపిననే కాని తేలదు. 'నాటు నాటు' పాటలో 90 పాళ్ళు ఒక్క పూటలో వ్రాసి, మిగిలిన 10 పాళ్ళకు 19 నెలలు పట్టినదని చంద్రబోసుగారు చెప్పియున్నారు. 2023లో ఆస్కారు వచ్చినదని సంబరపడితిమి. ఆ 19 నెలలలో కొట్టివేసిన మాట లేవని అడిగినవారు తక్కువ. 'పాడుతా తీయగా'లో బాలసుబ్రహ్మణ్యముగారు 1996 మొదలు పాటల వెనుకటి ముచ్చటలు చెప్పుచు వచ్చిరి. అవి అమూల్యములే, కాని ముచ్చటలు. పాటను విప్పుట వేరు.

'సాంగ్ ఎక్స్‌ప్లోడర్' నిర్దోషమని అనను. పాటలు చాలవరకు ఆంగ్లములు, మన చెవికి క్రొత్తవి. గెలిచిన పాటలకే ప్రవేశము. కూలిపోయిన పాట ఏల కూలెనో వినవలెనని నాకు కుతూహలము, అది తీరదు. కూర్పు మిక్కిలి నున్ననగుటచేత కర్త పడిన యాతన కూడ కథవలె సాఫీగా జారిపోవును. అన్నిటికంటె ముఖ్యముగా, కూలికి వచ్చి వాయించి వెళ్ళినవారి గొంతు తరచుగా వినబడదు.

భాష అడ్డమనువారు రమీన్ జవాదీ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' నాంది సంగీతమును గూర్చి చెప్పిన సంచికతో మొదలు పెట్టవచ్చును. అందు మాటలు లేవు, చెల్లో వాద్యము ప్రధానము. దానిని పొరుగింటి పిల్లకు వినిపింపగా, వర్ణము వరకు నేర్చినది, చివరివరకు కదలక విని, "తాతగారూ, తీసేసిన ముక్కలన్నీ ఏం చేసేరండీ?" అని అడిగినది.

తెలుగున ఇట్టిది ఎవరైన తలపెట్టుదురా యని ఎదురుచూచుచున్నాను. బాలసుబ్రహ్మణ్యముగారు 2020లోను, సీతారామశాస్త్రిగారు 2021లోను వెళ్ళిపోయిరి. తలపెట్టువారు సంగీత దర్శకులకడకు పోవుటకు ముందు, మద్రాసు స్టూడియోలలో వయొలిన్ వాయించి, బృందగానము పాడి, రికార్డుపై పేరు లేక ముసలివారైనవారి యిండ్లకు పోవలెను.