ఆగమనం, నిగమనం: ‘గోలకొండ కవుల సంచిక’ తార్కిక స్వరూపం

ఉదాహరణల నుండి సూత్రానికి సాగే ఆలోచన ఆగమనం. సూత్రం నుండి ఉదాహరణకు దిగేది నిగమనం. తర్కశాస్త్రంలో వేర్వేరు ప్రకరణాలుగా బోధించే ఈ రెండూ సాహిత్య వివాదాల్లో ఒకదానిపై ఒకటి ఆధారపడి పనిచేస్తాయి. పాలమూరు ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’ ఇందుకు చక్కని నిదర్శనం.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న వ్యాఖ్యకు సమాధానంగా ఈ సంచిక వచ్చిందన్నది సుప్రసిద్ధం. అటువంటి వ్యాఖ్యకు ఆధారం కాగలిగినది ‘కనబడలేదు కనుక లేరు’ అన్న ఊహ ఒక్కటే. భారతీయ తర్కం ప్రకారం కనబడకపోవడం ప్రతిచోటా అభావాన్ని నిరూపించదు. ఉంటే తప్పక కనబడవలసినది కనబడనప్పుడే, అంటే యోగ్యానుపలబ్ధి ఉన్నప్పుడే, ‘లేదు’ అనడం చెల్లుతుంది. పాలన, ఉన్నత విద్య ఉర్దూలో సాగుతూ, తెలుగు ముద్రణకు అవకాశాలు పరిమితమైన సంస్థానంలో కవి ఉన్నప్పటికీ బయటి పాఠకునికి కనబడే వీలు తక్కువ. కనుక ఇక్కడ ఆ యోగ్యతే లేదు.

నిగమన దృష్టితో ‘ఎవరూ లేరు’ అన్న సార్వత్రిక వాక్యాన్ని ఖండించడానికి ఒక్క కవి చాలు. ప్రతాపరెడ్డి 354 మందిని చూపారు. ఇది అనవసరమైన శ్రమ కాదు. ఒక్కరినే చూపితే అపవాదమని తోసిపుచ్చవచ్చు. వాక్యాన్ని ఒక్క ప్రత్యుదాహరణ కూల్చగలదు. దాని వెనుకనున్న చిన్నచూపును కూల్చడానికి రాశి కావాలి.

అయితే సంఖ్య ఉనికిని నిరూపిస్తుందే కాని గుణాన్ని కాదు. 354 మంది ఉన్నారు కాబట్టి ఆ కవిత్వమంతా ఉన్నతమనడం కూడా తొందరపాటు సాధారణీకరణమే. గుణనిర్ణయం ఒక్కొక్క పద్యాన్ని చదివి చేయవలసినదే.

ఈ వివేకం నేటి పరిశోధనకూ అవసరం. పాలమూరు కవిత్వమంటే వలస, నల్లగొండ కవిత్వమంటే ఫ్లోరైడ్ అన్న సూత్రాలు నిజమైన బాధల నుండే పుట్టాయి. కాని అవే ముందుగా ప్రతిజ్ఞలై, తమకు అనుకూలించే కవితలనే ఎంపిక చేయిస్తే, సూత్రానికి ఎంపిక, ఎంపికకు సూత్రం ఆధారమవుతాయి. ఇది అన్యోన్యాశ్రయ దోషం. అప్పుడు సూత్రానికి లొంగని కవి సొంత జిల్లా పరిశోధనలోనే మళ్ళీ ‘లేని’ కవి అవుతాడు. సూత్రాన్ని బలపరిచే కవితతో పాటు దానిని భంగపరిచే కవితనూ వెదకడమే 1934 నాటి కృషికి తగిన కొనసాగింపు.