టకటక ఎక్కడ పుడుతుంది

మెకానికల్ కీబోర్డు అనగానే ఇప్పటి కుర్రకారు కళ్లముందు మెదిలేవి రంగురంగుల లైట్లు, చెవులకు హెడ్‌సెట్టు, తెల్లవార్లూ వాలరెంట్ ఆట. ఇది గేమింగు కోసమే పుట్టిన సరుకని చాలామంది నమ్మకం. మన గుంటూరు, ఒంగోలు వైపు మాత్రం ఇది ముందుగా చేరింది ఆటగాళ్ల బల్ల మీదికి కాదు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట దస్తావేజులు టైపు చేసే గదుల్లోకి, శుభలేఖలూ కరపత్రాలూ కొట్టే డీటీపీ సెంటర్లలోకి, పద్దులు ఎక్కించే గుమస్తాల ముందుకి వచ్చింది. ఒక్క లైటు కూడా లేకుండా, నల్లగా, చేత్తో ఎత్తితే ఇటుకంత బరువుగా. దాని పేరు టీవీఎస్ గోల్డ్.

చెన్నై కంపెనీ టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ అమ్మిన ఈ కీబోర్డుకి పేరు తెచ్చిపెట్టింది దాని లోపలున్న చెర్రీ ఎమ్‌ఎక్స్ బ్లూ స్విచ్చులు. గేమింగు పిల్లలు గంటలకొద్దీ వాదించుకునే బ్లూ అదే. డీటీపీ ఆపరేటరుకి ఆ జర్మన్ కంపెనీ పేరుతో పనిలేదు. గోల్డ్ అయితే చెయ్యి ఆగకుండా సాగుతుందని తెలుసు, అంతే. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ టైపింగ్ పరీక్షకి తయారయ్యేవాళ్లు ఇవాళ్టికీ ఈ కీబోర్డునే వెతికి కొనుక్కుంటారు. ఇంటర్ అర్హతతో ఉండే గుమస్తా ఉద్యోగాలకి ఆ పరీక్షలో నిమిషానికి 35 ఇంగ్లీషు మాటలు కొట్టాలి. గంట లెక్కన చూస్తే 10,500 సార్లు కీ నొక్కడం.

ఈ ఇష్టం ఊరికే పుట్టలేదు. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో, నరసరావుపేట, తెనాలి, చీరాల, ఒంగోలు బజార్లలో టైపు ఇన్‌స్టిట్యూట్లు వెలిగిన కాలం ఒకటుంది. బోర్డు కనబడకపోయినా చప్పుడే దారి చూపేది. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా తిరిగే పిల్లల్ని వేసవిలో తెచ్చి అక్కడ చేర్పించేవారు. టైపు పరీక్షల్లో లోయరుకి నిమిషానికి 30 మాటలు, హయ్యరుకి 45. రెండూ పాసైతే ఏదో ఒక ఆఫీసులో కుర్చీ దొరక్కపోదన్న ఆశ. మొదట్లో రోజుల తరబడి ఒకటే పాఠం: ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె.

రెమింగ్టన్, గోద్రెజ్, ఫాసిట్, హాల్డా, ఏ మిషనైనా సూత్రం ఒకటే. కీ మీద పడిన దెబ్బ కడ్డీలగుండా వెళ్లి అచ్చు తలని ఎగరేస్తుంది. అది రిబ్బను మీద కొట్టుకుని కాగితం మీద అక్షరమవుతుంది. మధ్యలో కరెంటు లేదు, వేలి బలమే అక్షరం. చూపుడు వేలితో కొట్టిన జె నల్లగా పడి, చిటికెన వేలితో కొట్టిన ఎ వెలిసిపోయినట్టు పడితే సార్‌కి ఇట్టే తెలిసిపోయేది. కార్బన్ పెట్టి మూడు కాపీలు తీయాలంటే ఇంకాస్త ఊపు కావాలి. నొక్కిపెట్టకూడదు, కొట్టి వదిలెయ్యాలి. తొందరపడి రెండు కీలు ఒకేసారి కొడితే కడ్డీలు రెండూ పైన పెనవేసుకుపోయేవి. పది వేళ్లకూ సమానమైన దెబ్బ, సమానమైన ఎడం నేర్పడానికే ఆ పాఠాలన్నీ. వేగం తర్వాత అదే వచ్చేది.

తెలుగు మిషనుది ఇంకో కష్టం. గుణింతాలు, ఒత్తులు అన్నిటినీ ఆ కాసిని కీలలో ఇమడ్చాలి కాబట్టి అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా పేర్చాల్సి వచ్చేది. కొన్ని కీలు కొడితే అచ్చు పడుతుంది గానీ క్యారేజి కదలదు. తర్వాతి ముక్క వచ్చి అదే చోట కూర్చోవాలి. ఏ కీకి క్యారేజి జరుగుతుందో, దేనికి జరగదో కళ్లు చూసేలోపే వేలికి తెలియాలి. ఆంధ్రప్రదేశ్‌లో అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షుడు మన సత్తెనపల్లి మనిషి వావిలాల గోపాలకృష్ణయ్య. ఆఫీసుల్లో తెలుగు నడవాలన్న మాట వేదికల మీద ఎంతమంది అన్నా, దాన్ని ఫైళ్లలోకి ఎక్కించింది మాత్రం ఈ మిషన్ల ముందు కూర్చున్న టైపిస్టులే. వాళ్లకి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం.

అక్షరం పడిందని మిషను వేలికి ఇచ్చే జవాబు కంప్యూటరు వచ్చాక పోయింది. చవక కీబోర్డు విప్పితే లోపల కనిపించేది ఒక రబ్బరు పరుపు. ప్రతి కీ కింద చిన్న బుడిపె. అది అడుగుదాకా అణిగితేనే కింది రెండు ప్లాస్టిక్ పొరలు తాకి అక్షరం పడుతుంది. అడుగు తగిలిందాకా పని అయిందో లేదో తెలియదు. అందుకే మిషను మీద నేర్చుకున్నవాళ్లు ఆ కీబోర్డుల్ని బాదేవారు. ఐబీఎం 1985లో తెచ్చిన మోడల్ ఎమ్ దీనికి విరుగుడు: స్ప్రింగు ఒక దశలో పక్కకి వంగిపోయి ఠక్కున మోగేది. టైపురైటరు అలవాటున్న వేళ్లని మచ్చిక చేసుకున్న కీబోర్డు అది. చెర్రీ వాళ్ల ఎమ్‌ఎక్స్ స్విచ్చి పుట్టింది కూడా ఆ కాలంలోనే, 1980ల నడుమ.

ఆ స్విచ్చిలో ఉండేవి కొన్నే ముక్కలు. ఒక ప్లాస్టిక్ గూడు, అందులో కిందికీ పైకీ జారే కాడ, కాడ కింద స్ప్రింగు, పక్కన రెండు లోహపు రేకులు. మామూలప్పుడు కాడకున్న కాలు రేకుల్ని విడదీసి ఉంచుతుంది. కీ దిగగానే కాలు తప్పుకుంటుంది, రేకులు తాకుతాయి. మొత్తం ప్రయాణం 4 మిల్లీమీటర్లు. అక్షరం పడేది సుమారు 2 దగ్గర. అంటే సగం దారిలోనే పని పూర్తి. తతిమ్మా సగం వేలికి ఉత్త శ్రమ. ఆ సగం దారిలో వేలికి కబురు ఎలా అందుతుందన్న దాన్నిబట్టే స్విచ్చుల రంగులు ఏర్పడ్డాయి.

రెడ్‌లో కబురేమీ ఉండదు. కాలు నున్నగా ఉంటుంది, సుమారు 45 గ్రాముల ఒత్తిడికి జారిపోతుంది. బ్లాక్ కూడా ఈ జాతే, కాకపోతే స్ప్రింగు గట్టిది, 60 దాకా అడుగుతుంది. బ్రౌన్‌లో కాలి మీద చిన్న గుబ్బ ఉంటుంది. రేకు దాన్ని దాటేటప్పుడు వేలికి సన్నటి తట్టు తెలుస్తుంది, చప్పుడు పెద్దగా రాదు. బ్లూలో కాడ రెండు ముక్కలు. కింది తెల్ల ముక్క గుబ్బ దాటగానే విడిపడి చటుక్కున కిందికి కొట్టుకుంటుంది. ఆ టిక్కుమనే మోత అదే. వింటే టైపు మిషను గుర్తుకొస్తుంది గానీ పుట్టుక వేరు: మిషనులో అచ్చు కాగితానికి తగిలిన మోత, ఇక్కడ కేవలం వేలి తృప్తి కోసం పెట్టిన మోత. హాస్టలు గదిలో పక్క మంచం మీద పడుకున్నవాడికి మాత్రం తృప్తి ఉండదు.

మిర్చి యార్డులో కాయ కొనేవాడు టిక్కీలోంచి (బస్తాలోంచి) గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించి, వేళ్ల మధ్య నొక్కి తేమ చెబుతాడు. అతని వేళ్లకి ఎంత తేడా పట్టుబడుతుందో, ఈ స్విచ్చుల్ని నాలుగు రోజులు వాడినవాడికీ అంత తేడా పట్టుబడుతుంది. కాగితం మీద అంకెలు చూసి కొన్నవాళ్లు సాధారణంగా చిక్కుల్లో పడేది అందుకే.

ఇక తెలుగు టైపు సంగతి. పాత డీటీపీ వాళ్ల చేయి యూనికోడ్‌కి ముందునాటి అను ఫాంట్లకి, వాటిలోని యాపిల్ కీబోర్డు అమరికకి కుదురుకుంది. అక్కణ్నించి కదలమంటే కదలరు. యూనికోడ్‌లో రాసేవాళ్లకి ప్రభుత్వ ప్రమాణం ఇన్‌స్క్రిప్ట్. దానికి 1991లో భారత ప్రమాణాల సంస్థ ముద్ర పడింది. ఆ అమరికలో గుణింతాలు ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ కుడి చేతికి వస్తాయి. పొల్లు ఉండేది డి మీద, గుడి ఎఫ్ మీద, కొమ్ము జి మీద. తెలుగు మాటల్లో ఈ మూడూ ఎంతగా దొర్లుతాయో చెప్పక్కర్లేదు. పత్తి అని కొట్టి చూడండి: ప, త కుడి చేతివి, పొల్లు ఎడమది, మళ్లీ త కుడి, గుడి ఎడమ. మద్దెల వాయించినట్టే రెండు చేతులూ మారుతుంటాయి. ఎడమ నడిమి వేలికి, చూపుడు వేలికి ఒకటే చాకిరీ.

అందులో ఒక మెలిక ఉంది. ఇంగ్లీషులో ఒక అక్షరం పడకపోతే కన్ను సర్దుకుంటుంది. పత్తిలో పొల్లు పడకపోతే అది పతతి అయి కూర్చుంటుంది, మాట మొత్తం చెడిపోతుంది. డి నిజంగా దిగిందా లేదా అన్నది వేలికి అప్పటికప్పుడే తెలియాలి. రబ్బరు కీబోర్డు మీద అది తెలియదు. రెడ్ మీదా తెలియదు, పైగా చెయ్యి ఆనితే చాలు పడిపోతుంది. అందుకే తెలుగు ఎక్కువగా రాసేవాళ్లకి నేను చెప్పేది బ్రౌన్, ఒంటరి గది ఉంటే బ్లూ. బ్రౌన్ అటూ ఇటూ కానిదని గేమింగు వాళ్లు వెక్కిరిస్తారు. వాళ్లు గుణింతాలు కొట్టరు కదా.

విచిత్రమేమిటంటే ఆటగాడి చాకిరీ కూడా ఎడమ చేతిదే. ఆటలో మనిషిని నడిపే నాలుగు కీలు డబ్ల్యూ, ఎ, ఎస్, డి. ఇన్‌స్క్రిప్ట్‌లో వాటి మీదుండేవి ఐత్వం, ఓత్వం, ఏత్వం, పొల్లు. డి మీద ఇద్దరికీ పేచీయే, అడిగే గుణం మాత్రం పూర్తిగా వేరు. కౌంటర్ స్ట్రైక్ ఆటలో ఎ నొక్కి ఎడమకి పరిగెత్తేవాడు గురి చూసి కాల్చాలంటే ఒక్క క్షణం డి తట్టి ఆగాలి. అతనికి కీ దిగడం కన్నా తేరుకోవడం ముఖ్యం. బ్లూ ఇక్కడే దెబ్బతింటుంది: అక్షరం పడిన చోటుకన్నా చాలా పైకి లేస్తేగానీ అది మళ్లీ నొక్కడానికి సిద్ధపడదు. రెడ్‌లో ఆ రెండు చోట్లూ దగ్గర దగ్గరే. అందుకే ఆటకి రెడ్ అన్నది సబబైన మాటే.

ఇప్పుడు దాన్నీ దాటేశారు. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్విచ్చుల్లో రేకులు తాకడమనేదే లేదు. కాడలోని అయస్కాంతం ఎంత దిగిందో కింది సెన్సరు కొలుస్తుంది. ఎక్కడ పలకాలో మనమే పెట్టుకోవచ్చు, వేలు కాస్త లేవగానే కీ వదిలినట్టు లెక్క. నెదర్లాండ్స్ కంపెనీ వూటింగ్ దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఆపై ఎ వదలకుండానే డి నొక్కితే కొత్తదాన్నే లెక్కలోకి తీసుకునే వసతి వచ్చింది. రేజర్ కంపెనీ దానికి స్నాప్ ట్యాప్ అని పేరు పెట్టింది. వేలు చేయాల్సిన పని కీబోర్డు చేసేస్తోందని 2024 ఆగస్టులో వాల్వ్ సంస్థ కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో దాన్ని నిషేధించింది. టైపు పరీక్షలో ఇన్విజిలేటరు చేసే పనే!

మనకి అంతకన్నా దగ్గరి శత్రువు దుమ్ము. జనవరి నుంచి వేసవి దాకా యార్డు చుట్టుపక్కల గాల్లో కారం తిరుగుతూనే ఉంటుంది; జిన్నింగు మిల్లుల దగ్గర దూది నూగు. రబ్బరు కీబోర్డులో పొరలు మూసి ఉంటాయి కాబట్టి అది మొండిగా బతుకుతుంది. మామూలు మెకానికల్ స్విచ్చిలో కాడ పక్క సందులోంచి పొడి దిగి రేకుల మధ్య చేరితే ఒకసారి నొక్కినదానికి రెండుసార్లు పడుతుంది. ఇంగ్లీషులో అదొక అచ్చుతప్పు. తెలుగులో గుడి మీద గుడి పడి, పక్కన చుక్కల సున్న ఒకటి ప్రత్యక్షమవుతుంది. వైరస్సేమోనని కంగారుపడేవాళ్లూ ఉంటారు. ఇలాంటి చోటికి కైల్ కంపెనీ బాక్స్ రకం నయం; అందులో రేకులు విడిగా చిన్న డబ్బాలో ఉంటాయి. వాళ్లు చెప్పే రక్షణ స్థాయి ఐపీ 56. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దున్నే బ్రష్షుతో దులిపి, సాయంత్రం రెక్సిను కవరు తొడిగేవారు. ఆ కవరు అలవాటు మళ్లీ రావాలి. మిర్చి బజ్జీ తిన్న చేత్తో కీబోర్డు ముట్టుకోవద్దని మాత్రం ఎవరికీ చెప్పి లాభం లేదు.

చెర్రీ పేటెంటు గడువు తీరాక గేటెరాన్, కైల్, అవుటెము లాంటి చైనా కంపెనీలు అదే నమూనాని చవకగా చేయడం మొదలుపెట్టాయి. అందుకే ఇవాళ రెండు మూడు వేలకే మెకానికల్ దొరుకుతోంది. ఆ ధరలో లైట్ల కన్నా చూడాల్సింది హాట్ స్వాప్ ఉందా అని; అంటే టంకం పని లేకుండా స్విచ్చుల్ని ఊడదీసి మార్చుకునే వీలు. ఇంట్లో ఒకే కీబోర్డు మీద పగలు తమ్ముడు ప్రాజెక్టు టైపు చేసి, రాత్రి అన్న ఆడేటట్టయితే, బ్రౌన్‌తో మొదలుపెట్టి డబ్ల్యూ, ఎ, ఎస్ కింద రెడ్ పెట్టండి. డి మాత్రం బ్రౌన్‌గానే ఉంచండి. అన్న రెండు రోజులు గొణుగుతాడు. ఇక మోత సంగతి: స్పేస్‌బారు, ఎంటర్ లాంటి పొడుగు కీల కింద తీగ ఒకటి ఉంటుంది, కీ వంకర పోకుండా. కొత్త కీబోర్డులో గిలక్కాయలా మోగేది చాలామట్టుకు ఆ తీగే. దాని కొసలకి చిటికెడు సిలికాన్ గ్రీజు పూస్తే సగం గోల తగ్గుతుంది. వంటింటి కొబ్బరినూనె పూయకండి, దుమ్ముతో కలిసి జిగురైపోతుంది.