లెక్క ఏ అమరికకు?

ఒకే పొర మందమున్న పదార్థం అయస్కాంతం కాగలదా? స్పిన్‌లకు (పరమాణువుల్లోని బుల్లి అయస్కాంతాలకు) అన్ని దిక్కులూ సమానమైతే, పరమశూన్యానికి ఏ కాస్త పైనున్నా ఆ పొరలో అయస్కాంతత్వం నిలవదని 1966లో మెర్మిన్, వాగ్నర్ నిరూపించారు. అయినా 2017లో క్రోమియం ట్రైఅయోడైడ్ ఒంటి పొర 45 కెల్విన్ల దాకా అయస్కాంతంగా నిలిచింది. అందులో స్పిన్‌లకు దిక్కులన్నీ సమానం కావు, పొరకు నిలువుగా ఉండడం మీదే వాటికి మొగ్గు. ఆ మొగ్గు ఎంతో లెక్కగట్టడం నేను ఇష్టపడి చేసే పని.

పరమాణువుల స్థానాలు, క్వాంటమ్ సూత్రాలు: వీటితోనే మా లెక్క మొదలవుతుంది. స్పిన్‌లను నిలువుగా నిలిపి మొత్తం శక్తిని ఒకసారి, పొర వెంబడి పడుకోబెట్టి మరోసారి కడతాం. రెంటికీ తేడా ఒక్కో క్రోమియం పరమాణువుకు ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు కూడా ఉండదు. డ్రైవరు జేబులో చిల్లర బరువు కోసం లారీని వే బ్రిడ్జి మీద రెండుసార్లు తూచడం లాంటిదిది. అందుకే, ఎలక్ట్రాన్ తరంగాలను లెక్కించే బిందువుల వల అయిన కే-పాయింట్ల గ్రిడ్‌ను ఇంకా ఇంకా చిక్కబరుస్తూ, ఆ తేడా కదలకుండా నిలిచేదాకా దాన్ని నమ్మను.

అలా నిలిచాక అయోడిన్ మీద స్పిన్-ఆర్బిట్ ప్రభావాన్ని (స్పిన్‌ను ఎలక్ట్రాన్ కక్ష్యా చలనంతో ముడిపెట్టేదాన్ని) ఒక్కదాన్నే తీసేసి చూస్తే, మొగ్గు దాదాపు మాయమవుతుంది. స్పిన్ క్రోమియానిది, దాని దిక్కును తేల్చేది అయోడిన్. ఒక పరమాణువులో ఒక ప్రభావాన్ని ఆపి చూసే ఈ వీలు ఏ ప్రయోగశాలకూ లేదు.

ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండు పొరల దగ్గర చిక్కొచ్చింది. వాటి స్పిన్‌లు ఎదురెదురు దిక్కుల్లో ఉన్నాయని ప్రయోగం చెప్పింది. ముద్ద స్ఫటికం చల్లబడ్డాక ఉండే అమరికను తీసుకుని లెక్కిస్తే, ఒకే దిక్కులో ఉండాలని వచ్చింది. ఒక పొరను మరోదాని మీద కాస్త జరిపితే పొరల మొగ్గు ఎదురెదురు దిక్కులకు తిరగబడుతుందని 2018 నాటి లెక్కలు చూపాయి. పలుచటి రేకులు చల్లబడ్డాక కూడా వేడిమీద ఉన్నప్పటి ఆ జరిగిన అమరికనే పట్టుకుని ఉంటాయి. 2019లో ఒత్తిడి పెట్టి ఆ అమరికను మార్చగానే పొరలు ఒకే దిక్కుకు తిరిగాయి.

ప్రయోగంతో పొసగనప్పుడు హబ్బర్డ్ యూ (ఒకే పరమాణువు మీది ఎలక్ట్రాన్ల వికర్షణకు లెక్కలో పెట్టే అంకె) విలువను అటూ ఇటూ జరిపి సరిపెట్టేయాలన్న తొందర సహజం. అలా సరిపెట్టి ఉంటే పొరల జరుగుడు సంగతి మన కంట పడేది కాదు. నా విద్యార్థులకు చెప్పేదొక్కటే: అంకె పొసగకపోతే ముందు అమరికను అనుమానించండి. ఏ అమరికకు, ఏ గ్రిడ్‌తో, ఏ యూతో వచ్చిందో చెప్పని అంకెను ఎవరికీ ఇవ్వకండి.